ఒక్క హోలే కదా!

కర్టెన్ రాడ్డుకు రెండు హోల్స్, వంటింట్లో అరకు నాలుగు. దానికోసం మనిషిని పిలిచి రోజంతా ఎదురుచూడటం ఎందుకని చాలామంది సొంతంగా డ్రిల్లింగ్ మిషను కొనుక్కుంటున్నారు. మంచి పని. మన ఇంటి పని మన చేత్తో పూర్తయితే వచ్చే ఆత్మవిశ్వాసం ఏ పుస్తకమూ ఇవ్వలేదు. అయితే మిషను పట్టేవాడికి చేతి నైపుణ్యం కంటే ముందు కావలసిన గుణం ఒకటుంది. తొందరలో ఉన్నా రెండు నిమిషాలు ఆగగలగడం.

పెద్ద పనికి అందరమూ సిద్ధమవుతాం. కళ్లద్దాలు వెతుకుతాం, పిల్లల్ని పక్క గదిలోకి పంపుతాం. ‘ఒక్క హోలే కదా’ అనుకున్నప్పుడే అవన్నీ మానేస్తాం. బిట్టుకు అది మొదటి హోలో చివరి హోలో తెలియదు.

పిస్తోలు పిడి, ట్రిగ్గరు ఉన్న చేతి డ్రిల్లుకు అమెరికాలో బ్లాక్ అండ్ డెక్కర్ కంపెనీ 1917లో పేటెంట్ పొందింది. వేలు నొక్కినంతసేపే తిరగాలి, వదిలితే ఆగాలి. ఈ చిన్న ఏర్పాటులోనే పెద్ద రక్షణ ఉంది. వేలు నొప్పి పుడుతోందని లాక్ బటన్ నొక్కేస్తే ఆ రక్షణ పోయినట్టే. మధ్యలో కరెంటు పోయిందనుకోండి. మిషను అలాగే బల్లమీద పెట్టి మనం అవతలికి వెళ్తాం. కరెంటు రాగానే లాకులో ఉన్న మిషను దానంతటదే తిరగడం మొదలుపెడుతుంది. అప్పుడు దాని పక్కన ఎవరుంటారో చెప్పలేం. కాబట్టి కరెంటు పోగానే ముందు ప్లగ్గు పీకండి. బిట్టు మార్చేటప్పుడూ, బ్లేడు బిగించేటప్పుడూ అంతే. స్విచ్ ఆపితే సరిపోదు. ప్లగ్గు మీ కళ్లెదుట ఉండాలి. బిట్టు బిగించే చక్ కీ తీసి పక్కన పెట్టాకే మళ్లీ ప్లగ్గు పెట్టాలి.

డ్రిల్లు కంటే నేను ఇనుము, టైల్స్ కోసే గ్రైండరుకు ఎక్కువ భయపడతాను. మీరూ భయపడాలని నా కోరిక. నాలుగంగుళాల గ్రైండరు నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. ఆ వేగంలో బ్లేడు అంచు గంటకు 200 కిలోమీటర్లు దాటి పరుగెడుతుంది. బ్లేడు పగిలితే ముక్క కూడా ఆ వేగంతోనే వస్తుంది. దానికీ మీ ముఖానికీ మధ్య ఉండేది గార్డు ఒక్కటే. అడ్డొస్తోందని దాన్ని తీసేసినవాడిని చూసి ‘చేయి తిరిగినవాడు’ అనుకోకండి. పగులున్న బ్లేడును, గడువు తేదీ దాటిన బ్లేడును పారేయండి. తేదీ మధ్యలోని లోహపు రింగుమీదే ఉంటుంది. చెక్క కోసే పళ్ల బ్లేడును గ్రైండరుకు ఎన్నడూ బిగించకండి. ఒక పన్ను చెక్కలో ఇరుక్కుంటే చాలు, మిషను మీమీదికి ఎదురు తన్నుతుంది. రెండు చేతులా పట్టుకోండి, బ్లేడుకు సూటిగా ఎదురుగా నిలబడకండి. స్విచ్ ఆపాక కూడా కాసేపు తిరుగుతూనే ఉంటుంది. పూర్తిగా ఆగాకే కింద పెట్టండి.

బట్టల సంగతి. లుంగీ, చున్నీ, వేలాడే కొంగు, వదులు చేతులు, మెడలో గొలుసు, విప్పిన జుట్టు ఇవేవీ తిరిగే మిషను దగ్గర పనికిరావు. డ్రిల్లు పట్టినప్పుడు గుడ్డ గ్లౌజులు కూడా వద్దు. బిట్టుకు దారం చుట్టుకుంటే వెంట వేలినీ లాక్కుపోతుంది. చూపు కోసం పెట్టుకునే కళ్లజోడు రక్షణ కళ్లద్దాలకు సాటి రాదు.

ఇక కరెంటు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన చార్లెస్ డాల్జీల్ షాక్ మీద చాలా ఏళ్లు పరిశోధించారు. సగటున మగవారికి 16 మిల్లీ ఆంపియర్లు, ఆడవారికి పదిన్నర దాటితే పట్టుకున్న తీగను వదలాలన్నా చెయ్యి వదలదని ఆయన కొలిచి చెప్పారు. మన బోర్డులోని 16 ఆంపియర్ల ఎంసీబీ 16,000 మిల్లీ ఆంపియర్ల దాకా కదలనే కదలదు. అది వైరును కాపాడుతుంది, మనిషిని కాదు. మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు సమానంగా లేకపోతే క్షణంలో కట్ చేస్తుంది. మీ ఇంట్లో అది లేకపోతే మిషను కొనడానికి ముందు దాన్ని పెట్టించండి.

ప్లగ్గు లేకుండా వైర్లు సాకెట్లో దోపి అగ్గిపుల్లలు గుచ్చే అలవాటు ఈరోజుతో ఆపేయండి. మిషను మీద చతురస్రంలో మరో చతురస్రం గుర్తు ఉంటే రెండు పిన్నుల ప్లగ్గు చాలు. అది లేని లోహపు మిషనుకు ఎర్తింగుతో మూడు పిన్నులు ఉండి తీరాలి. తడి నేల మీద, ఒట్టి కాళ్లతో పని మొదలుపెట్టొద్దు. గోడలో వైర్ల పైపులు సాధారణంగా స్విచ్ బోర్డుకు నిలువుగా పైకీ కిందికీ పోతాయి. ఆ వరుసలో హోల్ కొట్టకండి.

ఇంట్లో వాళ్లకు ఒక అధికారం ఇవ్వండి. ‘ఆగు’ అని ఎవరన్నా, అమ్మ అయినా పదేళ్ల పిల్ల అయినా, వెంటనే వేలు వదిలేయాలి. ఎందుకని తర్వాత అడగవచ్చు. కోపంలో, నిద్రమత్తులో మిషను ముట్టకపోవడం పిరికితనం కాదు. రేపు చేద్దాం అనగలగడానికే ఎక్కువ నిబ్బరం కావాలి.

ఎవరికైనా షాక్ కొడితే పట్టుకుని లాగకండి. ముందు మెయిన్ ఆపండి, 108కి ఫోన్ చేయండి. ఊపిరి ఆడకపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండండి. మెయిన్ ఎక్కడుందో ఇంట్లో ప్రతి ఒక్కరికీ ఇవాళే చూపించండి. అక్కడికి వెళ్లినప్పుడే ఆర్‌సీసీబీ మీద ‘టి’ అక్షరం ఉన్న బటన్ ఒకసారి నొక్కండి. స్విచ్ టక్కున పడిపోవాలి. పడకపోతే డ్రిల్లు పెట్టెలోనే ఉంచి, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.