నీహారిక – నక్షత్రవీధి: పదార్థ నిర్ణయం

నీహారం అనగా మంచు. మంచువలె మసకగా కనిపించునది నీహారిక. లాటిన్ భాషలో మంచు, మేఘం అనే అర్థాలు గల ‘నెబ్యులా’కు ఇది సమానార్థకంగా మన శాస్త్రరచనలలో స్థిరపడినది. అయితే ఆండ్రోమెడాను ఒకచోట నీహారిక అనియు, మరొకచోట నక్షత్రవీధి అనియు వ్యవహరించుట వలన విద్యార్థికి భ్రాంతి కలుగుచున్నది. ఈ పదాల అర్థపరిధిని నిర్ణయించుటే ఈ వ్యాసోద్దేశం.

ఈ సందిగ్ధతకు చారిత్రక కారణం కలదు. ఉత్తరాభాద్ర నక్షత్రానికి సమీపాన, నిర్మలమైన చీకటి రాత్రులలో కంటికే కనబడే మసక వెలుగును పారశీక జ్యోతిర్వేత్త అల్ సూఫీ క్రీ.శ. 964 నాటి తన గ్రంథంలో చిన్న మేఘంగా పేర్కొన్నాడు. అది మన పాలపుంతలోని వాయుమేఘమా, దానికి వెలుపలి తారాసమూహమా అనే వివాదం 1920ల వరకు తీరలేదు. కాంతి హెచ్చుతగ్గుల కాలావధికి, నిజప్రకాశానికి గల సంబంధాన్ని కొన్ని చరతారలలో హెన్రియెటా లీవిట్ 1912లో నిరూపించినది. అట్టి తారను ఎడ్విన్ హబుల్ 1923లో ఆండ్రోమెడాలో గుర్తించి, దాని దూరం సుమారు 9 లక్షల కాంతి సంవత్సరాలని గణించాడు. నేటి లెక్క 25 లక్షలు. పాలపుంత వ్యాసం సుమారు 1 లక్ష కాంతి సంవత్సరాలే కనుక ఆండ్రోమెడా దానికి వెలుపలిదని తేలినది.

పుట్టుకను బట్టి చూచినను ఈ రెండును భిన్నాలే. విశ్వం వయస్సు సుమారు 1,380 కోట్ల సంవత్సరాలు. ఆదిలో పదార్థ సాంద్రతలో ఉన్న అత్యల్ప భేదాలు గురుత్వాకర్షణచే వృద్ధి చెందినవి. కంటికి కానరాని కృష్ణపదార్థం ముందుగా గుమిగూడగా, దాని ఆకర్షణకు లోబడిన వాయువు చల్లబడి, పరిభ్రమిస్తూ చక్రాకారం దాల్చి, తారలను ప్రసవించినది. చిన్న వీధులు కలిసి పెద్దవి అయినవి. నీహారికయో, అట్టి వీధిలోని వాయుధూళి మేఘం మాత్రమే. సుమారు 1,300 కాంతి సంవత్సరాల దూరాన తారలకు జన్మస్థానమైన ఒరాయన్ నీహారిక ఇందుకు ఉదాహరణం.

గమనంలోను భేదం స్పష్టం. పాలపుంతలోని తారలు, నీహారికలు దాని కేంద్రం చుట్టూ తిరుగుచుండును. సూర్యుడు సెకనుకు సుమారు 230 కి.మీ. వేగంతో 23 కోట్ల సంవత్సరాలకు ఒక ప్రదక్షిణం చేయును. నక్షత్రవీధులకు అట్టి ఏక కేంద్రం లేదు. విశ్వాకాశమే వ్యాకోచించుట వలన దూరపు వీధులు దూరానుగుణ వేగంతో మననుండి తొలగుచున్నవని 1929 నాటి హబుల్ పరిశీలన సూచించినది. సమీప వీధులలో ఆకర్షణ ప్రబలం. ఆండ్రోమెడా పాలపుంత వైపు సెకనుకు సుమారు 110 కి.మీ. వేగంతో వచ్చుచున్నది. ఈ రెండింటి సంఘట్టనం తప్పదని 2012లో భావించిరి. రాబోవు 1,000 కోట్ల సంవత్సరాలలో అది జరుగుటకు, జరుగకపోవుటకు అవకాశం దాదాపు సమానమని 2025 నాటి గణన తెలుపుచున్నది.

కావున అర్థనిర్ణయం ఇట్లు చేయదగును. బురదలో పుట్టినదెల్ల పంకజం కానట్లే, మంచువలె కనిపించునదెల్ల నీహారిక కాదు. ఆ పదాన్ని యోగరూఢంగా గ్రహించి వాయుధూళి మేఘానికే పరిమితం చేయవలెను. గెలాక్సీకి నక్షత్రవీధి జాతివాచకం. పాలపుంత, ఆకాశగంగ మన వీధికి మాత్రమే చెల్లు సంజ్ఞలు. పుంత అనగా బండ్లు నడుచు బాట. వీధి అన్నను త్రోవయే కనుక ఈ రెండు పదాలకు అర్థసామ్యం కూడ కలదు. నక్షత్రవీధుల గుంపుల మహాసమూహం వేరొకటి. పుణె పరిశోధకులు 2017లో ప్రకటించిన, సుమారు 400 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ఉన్న ‘సరస్వతి’ అట్టిది.

శబ్దం రూపాన్ని బట్టి పుట్టవచ్చును. శాస్త్రంలో దాని అర్థం మాత్రం వస్తుతత్త్వాన్ని అనుసరింపవలెను.