పటములో పుట్టిన ఊరు

నూరేండ్లకు పూర్వము అమెరికా దేశమున మోటారుబండిలో దూరప్రయాణము చేయుట సాహసకార్యముగా నుండెను. పెక్కుబాటలకు సంఖ్యలు లేవు. స్తంభములకు పూసిన రంగుపట్టీలే ఆనవాళ్లు. వానకు రంగు వెలసినచో దారిప్రక్క రైతు నడుగుటయే గతి.

1913 డిసెంబరు 1వ తేదీన గల్ఫ్ అను చమురు కంపెనీ, బండ్లు లోనికే వచ్చి నిలుచు వీలుగల పెట్రోలు బంకును పిట్స్‌బర్గు నగరమున తెరచెను. స్వల్పకాలమునకే ఆ కంపెనీ చుట్టుపట్ల దారులను జూపు పటములను ఉచితముగా పంచసాగెను. ఇందులో ఔదార్యముతోపాటు వ్యాపారజ్ఞానమును గలదు. దారి తెలిసినవాడు దూరము పోవును; దూరము పోయినవాడు మరల పెట్రోలు కొనును.

తక్కిన కంపెనీలును ఈ మార్గమునే త్రొక్కినవి. 1926లో ప్రధానమార్గములకు దేశవ్యాప్తముగా సంఖ్యలు నిర్ణయింపబడుటతో పటమును చదువుట సులభమయ్యెను. దానిని విప్పుటయు సులభమే. తిరిగి ఆ మడతలలోనే పెట్టుట మాత్రము ఎంతటివారికిని కష్టమే!

చమురు కంపెనీలు పటములను స్వయముగా గీయలేదు. ఎస్సో కంపెనీకి జనరల్ డ్రాఫ్టింగ్ అను సంస్థ గీచియిచ్చెడిది. క్రొత్త వంతెనలను, మారిన మలుపులను విచారించి పటమును దిద్దుట ఎంతయో శ్రమ. ఒకరి శ్రమను మరియొకరు చూచి వ్రాసికొన్నచో, దొంగను పట్టుట యెట్లు? రెండు పటములును నిజమైనవే యైనప్పుడు అవి ఒక్కతీరుననే యుండును గదా!

అందుచే 1930 తరువాతి దశాబ్దమున ఆ సంస్థాధిపతి ఆటో లిండ్‌బర్గు, అతని సహాయకుడు ఎర్నెస్ట్ ఆల్పర్స్ ఒక యుక్తి పన్నిరి. తమ పేర్ల పొడి అక్షరములను కలగలిపి "అగ్లో" అను పేరు కల్పించి, న్యూయార్కు రాష్ట్రమున రాస్కో సమీపమునగల మట్టిబాటల కూడలిలో ఊరుగా గుర్తించిరి. అచ్చట ఊరు లేదు. ఇతరుల పటమున ఆ పేరు కనబడినచో చౌర్యము బయటపడును.

కొంతకాలమునకు ర్యాండ్ మెక్‌నాలీ సంస్థ ముద్రించిన పటమున అగ్లో కనబడెను. ఎస్సోవారు వ్యాజ్యము వేయుదుమనిరి. మెక్‌నాలీవారు మాత్రము చలింపలేదు. అచ్చట ఊరున్నదనియు, ఆ పేరును జిల్లా అధికారుల వద్దనే గ్రహించితిమనియు బదులు చెప్పిరి. విచారింపగా, 1950 తరువాత ఎవరో ఆ కూడలిలో ఒక దుకాణము కట్టి, ఎస్సో పటమున జూచిన పేరునే పెట్టి "అగ్లో జనరల్ స్టోర్" అని బోర్డు వ్రేలాడదీసిరని తేలెను. పటమును నమ్మినవారు ఊరిని నిజము చేసిరి. వల పన్నినవారి చేతికి దొంగ చిక్కలేదు.

తరువాత దుకాణము మూతబడెను. 1973లో చమురు కరవు రాగా, బంకులు ఉచితపటముల నిచ్చుట క్రమముగా మానినవి. నేడు వానిని ప్రియముతో సేకరించి దాచుకొనువారు కలరు. వారి పెట్టెలలోని పాత ఎస్సో పటములను విప్పినచో, రాస్కోకు ఉత్తరముగా, ఆ మట్టిబాటలు కలియుచోట, అగ్లో అను పేరు చిన్న అక్షరములతో ఇప్పటికిని కనబడును.