మతము లేని ధ్యానమును విశ్వాసి చేయవచ్చునా?

చదువవలసిన లేఖన భాగములు: కీర్తన 1, 1 సమూయేలు 1:9-18, 1 కొరింథీయులకు 10:23-31



ఈ మధ్య గృహదర్శనమునకు వెళ్లిన చోటనెల్ల ఒక ప్రశ్న మాకు ఎదురగుచున్నది. ఆసుపత్రిలో డాక్టరుగారు కన్నులు మూసికొని పది నిమిషములు ఊపిరిని గమనించుచు కూర్చుండుమనుచున్నారు. బడిలో జూన్ 21న యోగా దినమని పిల్లలను వరుసగా కూర్చుండబెట్టుచున్నారు. 2024లో ఐక్యరాజ్యసమితివారు డిసెంబరు 21ని ప్రపంచ ధ్యాన దినముగా ప్రకటించిరి. పట్టణములలో పనిచేయు మన బిడ్డలు సెల్‌ఫోనులోనే ధ్యానపు పాఠములు వినుచున్నారు. “అయ్యగారూ, ఇందులో మతమే లేదంటున్నారు, చెయ్యొచ్చా?” అని అడుగుచున్నారు. కొందరు పెద్దలు ఎవరును అడుగకమునుపే కూడదని తీర్పు చెప్పివేసిరి.

మొదట మాటను విచారింతము. కీర్తన 1:2లో ధ్యానించుట అని మన బైబిలులో ఉన్నచోట హెబ్రీ మూలములోని క్రియ ‘హాగా’. సన్నని స్వరముతో గొణుగుకొనుట అని దాని భావము. యెషయా 31:4లో వేటను పట్టుకొని గర్జించు సింహమునకును, 38:14లో మూలుగు పావురమునకును ఇదే మాట వాడబడినది. కావున ధర్మశాస్త్రమును ధ్యానించువాడు వాక్యమును నోట కరచుకొని, దానిని విడువక, పెదవులు కదలించువాడు. ఇంకొక సంగతి చూడుడి. రెండవ కీర్తన మొదటి వచనములో, దేవునిమీద తిరుగబడు జనములు వ్యర్థమైనదానిని తలపోయుదురని చెప్పినచోట కూడ మూలములో అదే క్రియ ఉన్నది. పుట తిప్పకుండగనే ఒకే మాట నీతిమంతునికిని తిరుగుబాటుదారునికిని చెల్లినది. ధ్యానమను పేరు విని సంతోషింపనక్కరలేదు, భయపడనక్కరలేదు. దేనిని పట్టుకొన్నాము, ఎవరి యెదుట కూర్చున్నాము అని అడుగవలెను.

ఇక డాక్టరుగారు చెప్పునది ఎక్కడనుండి వచ్చెను? అమెరికాలోని హార్వర్డు వైద్యకళాశాలకు చెందిన హెర్బర్ట్ బెన్సన్ అను వైద్యుడు, నెమ్మదిగా కూర్చుండి ఒకే మాటను ఊపిరితోకూడ తలంచుకొనువారికి గుండె వేగమును ఊపిరి వేగమును తగ్గునని 1975లో ఒక గ్రంథము ప్రచురించెను. 1979లో జాన్ కబాట్-జిన్ అనునాయన మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకళాశాలలో, తీరని నొప్పులతో బాధపడువారికొరకు శిక్షణ మొదలుపెట్టెను. అది 8 వారముల శిక్షణగా ప్రసిద్ధికెక్కెను. ఆయన బౌద్ధ గురువులయొద్ద నేర్చినదానిలోనుండి మతపు మాటలను తీసివేసి, ఊపిరిని, దేహమును గమనించు అభ్యాసమును ఉంచెను. ఇట్టి ధ్యానము మనస్సును ఖాళీ చేయుననియు, ఖాళీ యింటిలో దయ్యములు ప్రవేశించుననియు మత్తయి 12:43-45ను చూపి కొందరు బోధించుచున్నారు. ఆ వాక్యభాగమును చివరివరకు చదివినయెడల, మారుమనస్సు పొందని ఆ తరమువారినిగూర్చి ప్రభువు చెప్పెనని తెలియును. అది ఊపిరి లెక్కించుకొను రోగినిగూర్చి చెప్పబడలేదు.

అయితే ‘మతము లేదు’ అని పైన వ్రాసినంతమాత్రమున లోపల లేకపోవునా? మహర్షి మహేశ్ యోగి నేర్పిన ధ్యానమును అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రపు ప్రభుత్వ పాఠశాలలలో మతము కాదని చెప్పి బోధించిరి. దానిలో చేరువారికి మంత్రమిచ్చునప్పుడు సంస్కృతములో గురుపూజ జరుగుచుండెను. న్యాయస్థానము దానిని విచారించి, ఇది మతసంబంధమైనదేయని 1977లో తీర్పు చెప్పెను. 1979లో పై న్యాయస్థానమును దానినే స్థిరపరచెను. మన ప్రాంతములో హైదరాబాదునందును నాగార్జునసాగరునందును విపశ్యన శిబిరములు జరుగుచున్నవి. బర్మాలో జన్మించిన గోయెంకాగారు 1969నుండి ఈ దేశములో నేర్పిన పద్ధతి అది. బుద్ధుడు నేర్పినదేయని వారు దాచకుండ చెప్పుదురు, అది వారి నిజాయితీ. ఆ పది దినములు ఎవరి ప్రార్థనను, ఎవరి పూజను వారు నిలిపివేయవలెననునది కూడ వారి నియమము. పది దినములు ప్రభువుతో మాటలాడకుండుటకు ఒప్పుకొనుట విశ్వాసికి తగదని మా అభిప్రాయము.

కొరింథు సంఘమునకు ఇట్టి చిక్కే వచ్చినది. అంగడిలో అమ్ము మాంసమును మనస్సాక్షి నిమిత్తము ఏమియు అడుగక తినవచ్చునని పౌలు వ్రాసెను; ఇది బలి అర్పింపబడినదని ఒకడు చెప్పినయెడల తినవద్దనెను. ఊపిరి దేవుడు మన నాసికారంధ్రములలో ఊదినది. దానిని గమనించి గుండెదడ తగ్గించుకొనుట అంగడి మాంసమువంటిది. మంత్రోపదేశము, గురువు పటమునకు నమస్కారము వచ్చినప్పుడు లేచి రావలెను. బడిపిల్లల తలిదండ్రులు కూడ ఇంతమట్టుకు చూచుకొనిన చాలును. దేహమును కుదుటపరచుకొనుట అవిశ్వాసము కాదు. చావగోరి బదరీవృక్షము క్రింద పడుకొనిన ఏలీయాకు దేవుడు మొదట నిద్రయు రొట్టెయు నీళ్లును ఇచ్చెను. ప్రశ్న అడుగుట తరువాత.

ఇంతవరకు సులభమే. కష్టమైన సంగతి వేరొకటి యున్నది.

మా సంఘములో ఒక తల్లి కుమారుని పోగొట్టుకొనెను. ఆరు నెలలు నిద్రలేదు, రక్తపోటు పెరిగెను. ఆసుపత్రిలో మాత్రలతో పాటు ఈ ఊపిరి అభ్యాసము నేర్పిరి. అది తెలిసి, ఆమె అన్యదేవతల మార్గము పట్టినదని, ప్రభువు బల్లకు రానీయకూడదని కొందరనిరి. మేము వెళ్లి విచారించితిమి. అందులో మంత్రము లేదు, పటము లేదు. “అది అయ్యాక ఏం చేస్తావమ్మా?” అని అడిగితిమి. “పడుకుంటానయ్యా, నిద్ర పడతంది” అనెను. ప్రార్థన సంగతి అడుగగా కొంతసేపు ఊరకుండి, “ప్రార్థన చేస్తే వాడు గుర్తొస్తాడు, ఏడుపొస్తది. దీంట్లో ఏడుపు రాదయ్యా” అనెను.

ఆమెకు బల్ల ఇచ్చితిమి. ఆ ఆదివారము ఒక పెద్ద బల్లయొద్దకు రాలేదు. ఆయనతో ఇంకను మాటలాడుచున్నాము. కాని ఆమె చెప్పిన మాట మమ్మును వెంటాడినది. పెద్దలు భయపడినది దయ్యమునకు. ఆమెకు కలిగిన నష్టము వేరు. నెమ్మది దొరికినది గనుక ప్రార్థన అక్కరలేకపోయినది.

హన్నాను చూడుడి. ఆమె పెదవులు కదలుచుండెను గాని స్వరము వినబడలేదు. ద్వారబంధమునొద్ద కూర్చున్న యాజకుడైన ఏలీ ఆమె త్రాగియున్నదనుకొనెను. నిశ్శబ్దముగా ప్రార్థించుచున్న స్త్రీని చూచి తప్పుగా తీర్పు తీర్చుట దేవుని మందిరములో ఆనాడే జరిగినది. హన్నా తన దుఃఖము వచ్చిపోవుచుండగా దూరమునుండి చూడలేదు. దానిని యెహోవా సన్నిధిని కుమ్మరించెను. లేచి వెళ్లి భోజనము చేసెను, ఆమె ముఖమునందు దుఃఖము తొలగెను. బిడ్డ ఇంకను కలుగలేదు, గర్భమైనను కాలేదు. ఆ తల్లితో మేము చెప్పినది ఇంతే: మాత్రలు మానవద్దు, పది నిమిషములు కూర్చుండుము, గుండె నెమ్మదించిన తరువాత కుమారుని పేరు ప్రభువు ఎదుట పలుకుము, ఏడుపు వచ్చిన రానిమ్ము.

రాకూడని నెమ్మది కూడ ఒకటి యున్నది. అన్నదమ్ములు గట్టు తగవులో కొట్టుకొందురు. రాత్రి మనస్సాక్షి పొడుచును. ఆ పోటును ఊపిరితో చల్లార్చుకొని నిద్రించినవాడు మరునాడు అన్న గడప తొక్కడు. మత్తయి 5:23-24లో ప్రభువు అట్టివానిని అర్పణమును బలిపీఠమునొద్దనే విడిచి లేచి వెళ్లుమనుచున్నాడు. ఆ పోటు దేవుడు పంపినది.

మరి మన ధ్యానము ఎట్లుండవలెను? 1535లో మార్టిన్ లూథర్ తనకు క్షౌరము చేయు పేతురను వానికొరకు ప్రార్థించు విధమును ఒక చిన్న పుస్తకముగా వ్రాసెను. క్షౌరము చేయువాడు కబుర్లలో పడక కత్తిమీద కన్ను ఉంచునట్లు, ప్రార్థించువాడు తన మాటమీద మనస్సుంచవలెనని అందులో చెప్పెను. ఒక ఆజ్ఞను తీసికొని నాలుగు పేటల దండగా చేసికొమ్మనెను: ఇది నాకేమి నేర్పుచున్నది, దేనికై కృతజ్ఞత చెప్పుదును, ఏమి ఒప్పుకొందును, ఏమి అడుగుదును. తలిదండ్రులను సన్మానింపవలెనను ఆజ్ఞతో మొదలుపెట్టుడి. చదువురానివారు బిడ్డలచేత ఒక వచనము రెండుమారులు చదివించుకొని, నాట్లు వేయుచు, గేదెలకు మేత వేయుచు దానినే గొణుగుకొనవచ్చును. ఇస్సాకు సాయంకాలమున ధ్యానింప వెళ్లినది పొలములోనికే.

వచ్చు నెల స్త్రీల కూడికలలో 1 సమూయేలు మొదటి అధ్యాయమును చదువుదుము. చదివిన తరువాత పాట ఎత్తుకొనకుండ కొంతసేపు నిశ్శబ్దముగా ఉందుము. పెద్దలు కూడ రావలెనని కోరుచున్నాము.