ఆరోగ్య పాఠం: నీళ్లను వడకట్టే పొర – అది చేసే మేలు, మనం పడవలసిన జాగ్రత్త



చేవెళ్ల, మొయినాబాద్ చుట్టుపక్కల గ్రామాల నుండి వచ్చేవారు మమ్మల్ని తరచుగా అడిగే మాట ఒకటుంది. "బోరు నీళ్లు కాచి తాగుతున్నాం, అది చాలదా? ఫిల్టరు నీళ్లు కొనాల్నా?" ఈ నెల పాఠంలో దీనికి జవాబు చూద్దాం.

కాచితే ఏమి పోతుంది? ఏమి పోదు?

నీళ్లు బాగా మసిలితే అందులోని రోగక్రిములు చస్తాయి. విరేచనాలు, టైఫాయిడ్, కామెర్ల నుండి ఇది మంచి రక్షణ. కాని నీళ్లలో కరిగి ఉన్న ఉప్పులు, ఫ్లోరైడ్ కాచినా పోవు. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ అవి ఇంకా చిక్కబడతాయి.

ఫ్లోరైడ్ భూమిలోని రాళ్ల నుండి బోరు నీళ్లలో చేరుతుంది. 1937లో నాటి నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని వైద్యులు గుర్తించి వివరించారు. నల్లగొండ జిల్లా పడిన బాధ మనందరికీ తెలిసినదే. మన దేశ ప్రమాణం ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము మించరాదు. వేరే నీరు దొరకని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు. అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పిల్లల పళ్లపై మచ్చలు వస్తాయి, పెద్దలకు వెన్ను, కీళ్లు బిగుసుకుపోతాయి. ఒకసారి వంగిన ఎముకను మందులతో తిరిగి సరిచేయలేము. గనుక ముందు జాగ్రత్తే మందు.

పొర ఎలా పని చేస్తుంది?

మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట ఊరుతుంది కదా! ముక్కలోని నీరు సన్నని పొరల గుండా ఉప్పు ఉన్న వైపుకు వస్తుంది. ఆర్.ఓ. యంత్రం దీనిని తిరగవేస్తుంది. ఉప్పు నీటిని మోటారు ఒత్తిడితో పొర మీదికి నెడితే నీరు అవతలికి దాటుతుంది. ఉప్పులు, ఫ్లోరైడ్ చాలా వరకు ఇవతలే ఆగిపోతాయి. 1960 ప్రాంతంలో అమెరికాలో సిడ్నీ లోబ్, మన దేశంలో పుట్టిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి ఇందుకు పనికివచ్చే పొరను తయారుచేశారు. ఇలాంటి పొరలపై మన హైదరాబాదులో, తార్నాకలోని ఐ.ఐ.సి.టి.లో కూడా పరిశోధన జరుగుతున్నది. మందుల పరిశ్రమలలో ద్రవాలను మరిగించకుండా వేరుచేసి ఇంధనం ఆదా చేయడానికీ పొరలు ఉపయోగపడతాయి.

డయాలసిస్‌లోనూ పొరే

1943లో నెదర్లాండ్స్‌లో డాక్టర్ విల్లెం కోల్ఫ్ సెల్లోఫేన్ గొట్టాలతో కృత్రిమ మూత్రపిండం తయారుచేశారు. నేటి డయాలసిస్ గొట్టంలో వెంట్రుకల్లాంటి వేలాది సన్నని నాళాలు ఉంటాయి. రక్తంలోని మలినాలు వాటి పొర దాటి బయటికి పోతాయి, రక్తకణాలు లోపలే ఉంటాయి. నాలుగు గంటల డయాలసిస్‌కు సుమారు 120 లీటర్ల శుద్ధజలం కావాలి. అందుకే డయాలసిస్ నీటిని కూడా ఆర్.ఓ. పొరతో శుభ్రం చేస్తారు.

అయితే ఒక అపోహ ఉంది. ఫిల్టరు నీళ్లు ఎక్కువ తాగితే పాడైన కిడ్నీ బాగవుతుందని కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. డయాలసిస్ చేయించుకునేవారు ఎక్కువ నీరు తాగితే ఒళ్లు వాచి ఆయాసం రావచ్చు. ఎంత తాగాలో డాక్టరును అడిగి అంతే తాగాలి.

మీరు చేయవలసినవి

1. ముందు నీటిని పరీక్ష చేయించండి. టి.డి.ఎస్. మీటరు మొత్తం ఉప్పులను మాత్రమే సూచిస్తుంది. ఫ్లోరైడ్ ఎంతో, క్రిములు ఉన్నాయో లేదో అది చెప్పదు. వీటికి ప్రయోగశాల పరీక్ష అవసరం.

2. మిషన్ భగీరథ నల్లా నీళ్లు వస్తే తాగడానికి, వంటకు వాటినే వాడండి. అవి శుద్ధి చేసి క్లోరిన్ కలిపిన నీళ్లు. శుభ్రంగా అందుతుంటే వాటికి ఆర్.ఓ. యంత్రం అక్కరలేదు.

3. ఫిల్టరు నీళ్లలో క్లోరిన్ ఉండదు గనుక మురికి డబ్బాలో పోస్తే క్రిములు మళ్లీ చేరతాయి. డబ్బాను తరచుగా కడిగి ఆరబెట్టండి. మూత పెట్టండి. చెయ్యి ముంచకుండా పిడి ఉన్న గ్లాసుతో ముంచుకోండి. అనుమానం ఉంటే కాచి చల్లార్చి తాగండి.

4. యంత్రం నుండి బయటికి పోయే నీటిలో ఉప్పులు, ఫ్లోరైడ్ ఎక్కువ. ఇల్లు తుడవడానికి, మరుగుదొడ్డికి వాడండి. తాగడానికి, వంటకు, పశువులకు వాడవద్దు.

5. పొర శాశ్వతం కాదు. సమయానికి మార్పించండి.

పొర నీటిని శుభ్రం చేస్తుంది, ఆ శుభ్రతను గ్లాసు దాకా కాపాడవలసింది మనమే. మీ పిల్లల పళ్లపై మచ్చలు కనిపించినా, పెద్దవారికి వెన్ను బిగుసుకుపోతున్నా ఆలస్యం చేయక డాక్టరుకు చూపించండి. మీ ఇంటి నీళ్లు ఎక్కడివో కూడా తప్పక చెప్పండి.