రేడియో నాటికలో అపరాధ పరిశోధన

నాటకం దృశ్యకావ్యమని పెద్దలు చెప్పారు. రేడియో నాటిక మాత్రం వినడానికేగాని చూడడానికి వీలులేనిది. హత్య జరిగిన గది మనకు కనిపించదు, శవమూ కనిపించదు. గొంతులు, అడుగుల చప్పుడు, తలుపు కిర్రుమన్న ధ్వని మాత్రమే వినవస్తాయి. కనుక అనుమానాస్పద మరణాన్ని గూర్చిన నాటికలో శ్రోత కూడ ఒక పరిశోధకుడే.

ఉర్దూలో ఇబ్నె సఫీ, తెలుగులో కొమ్మూరి సాంబశివరావు నవలలు చదివినవారికి అసాధారణ మేధాసంపన్నుడైన డిటెక్టివు పరిచితుడు. 1949 జూన్ 3న అమెరికాలో ప్రసారం ప్రారంభమైన ‘డ్రాగ్‌నెట్’ ధారావాహిక వేరొక మార్గం తొక్కింది. లాస్ ఏంజిలిస్ పోలీసు రికార్డుల ఆధారంగా రూపొందిన అందులో జాక్ వెబ్ సార్జెంట్ ఫ్రైడే పాత్ర ధరించాడు. ఫ్రైడే అద్భుతాలు చేయడు. తేదీ, వేళ చెబుతాడు. ఇంటింటికీ వెళ్లి అడుగుతాడు. పనికిరాని జవాబులను సైతం ఓర్పుతో వింటాడు.

మన న్యాయశాస్త్రం కోరేదీ ఈ ఓర్పునే. అనుమానాస్పద మరణం సంభవిస్తే పోలీసు అధికారి అక్కడికి వెళ్లి, ఇరుగుపొరుగు పెద్దమనుషులు ఇద్దరు లేక అంతకు మించినవారి సమక్షంలో శవపంచనామా జరపాలి. గాయాల గుర్తులను వ్రాయాలి. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడు 174వ సెక్షను విధించిన ఈ పద్ధతిని 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షను విధిస్తున్నది. పంచనామా ఉద్దేశం మరణానికి పైకి కనిపించే కారణం తెలుసుకోవడమేగాని, చంపినవారెవరో తేల్చడం కాదని ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు 1975లో స్పష్టం చేసింది.

ఈ భేదం మన ప్రాంతానికి ఎంత ముఖ్యమో గమనించండి. భద్రాచలం అడవి అంచున ఒక పల్లెను ఊహించుకుందాం. రాత్రి నేలపై పడుకున్న యువకుడు తెల్లవారేసరికి మరణించాడు. ఒంటిమీద గాయం కనిపించదు. ముందునాడు అతనితో తగవుపడిన వృద్ధురాలు చేతబడి చేసిందని ఊరు గుసగుసలాడుతుంది. ప్రశ్నిస్తే ఆమె గొంతు వణుకుతుంది. ఆ వణుకునే జనం రుజువుగా తీసుకుంటే ఆమె ప్రాణానికే ముప్పు. కాని కట్లపాము తరచు నిద్రలో ఉన్నవారినే కరుస్తుంది. ఆ కాటు నొప్పి తెలియకపోవచ్చు. పంటిగాట్లు కంటికి ఆనకపోవచ్చు. దాని విషం కండరాలను చచ్చుబడజేసి ఊపిరిని ఆపుతుంది. శవపరీక్ష జరగకముందే, అతడు పడుకున్న చోటు వెదకకముందే ఆమెను దోషి అనడం అన్యాయం.

రేడియో శ్రోతకు ఎదురయ్యే ప్రలోభం కూడ ఇదే. తడబడిన గొంతు వినగానే హంతకుడు దొరికాడనుకుంటాం. భయపడిన నిర్దోషి గొంతూ తడబడుతుందని మరచిపోతాం.

విద్యార్థులారా! ఈసారి ఇటువంటి నాటిక వినేటప్పుడు కాగితంపై రెండు వరుసలు గీయండి. ఒకదానిలో మీరు విన్నది, రెండవదానిలో మీరు అనుకున్నది వ్రాయండి. నాటిక ముగిశాక రెండింటినీ సరిచూడండి. ఆ అలవాటు సెలవులకు మీ ఊరు వెళ్లినప్పుడు కూడ మీ వెంట ఉండాలి. ఊరంతా ఒకరివైపు వేలెత్తి చూపిన రోజున, ‘చూసినదెవరు?’ అని అడగవలసిన చదువుకున్నవారు మీరే.