క్లెయిమ్ ఇవ్వమన్నారా? ముందు ఉత్తరం మీద తేదీ చూడండి

కొద్ది నెలలుగా అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపుల నుంచి నా దగ్గరకు వస్తున్న బీమా కాగితాలన్నీ ఒకే రకం. ఇంటి పెద్ద పోయాడు, లేదా ఆసుపత్రి బిల్లు లక్షల్లో వచ్చింది. కంపెనీ క్లెయిమ్ ఇవ్వనంది. వచ్చినవాళ్లు ముందు అడిగేది "లాయర్ని పెట్టుకోవాలాండి?" అని. నేను ముందు అడిగేది వేరు. ఇవ్వమని రాసిన ఉత్తరం ఏ తేదీది? దానికి చాలామంది దగ్గర జవాబు ఉండదు.

మొన్న రాజోలు దగ్గరి పల్లె నుంచి ఒకావిడ వచ్చింది. భర్త పేరున 2018లో బ్యాంకు ద్వారా తీసుకున్న జీవిత బీమా. వాయిదా ఒక్కటీ తప్పలేదు. 2022లో ఆయన గుండెపోటుతో పోయాడు. షుగర్ మందుల పాత చీటీ ఒకటి పట్టుకుని, జబ్బు దాచారంటూ కంపెనీ అదే ఏడాది చివర్లో క్లెయిమ్ తోసిపుచ్చింది. ఆ ఉత్తరం నా బల్ల మీదకు వచ్చింది 2025లో.

"ఇన్నాళ్లూ ఏం చేశారమ్మా?"

"మా మరిది పై ఆఫీసుకు రాస్తానే ఉన్నాడండి. బ్యాంకు మేనేజరు గారు కూడా వచ్చేస్తుందన్నారండి."

"ఎప్పుడన్నారు?"

"వెళ్లినప్పుడల్లా అన్నారండి."

నాకు కోపం వచ్చింది ఆ మాటకే. పాలసీ అంటగట్టేటప్పుడు ఇంటికొచ్చి సంతకాలు పెట్టించుకున్నవాళ్లు, క్లెయిమ్ పోయాక కాగితం మీద ఒక్క ముక్క రాసివ్వరు. నోటిమాటతో తిప్పుతారు. ఈవిడ కేసు నిజానికి గెలుపు కేసు. బీమా చట్టం 45వ సెక్షన్‌ను 2015లో సవరించారు. పాలసీ మొదలై మూడేళ్లు నిండాక జీవిత బీమాను ఏ కారణంతోనూ, మోసమన్న కారణంతో కూడా, కంపెనీ ప్రశ్నించడానికి వీల్లేదు. మధ్యలో పాలసీ ఆగిపోయి మళ్లీ బతికించుకుని ఉంటే ఆ తేదీ నుంచి మూడేళ్లు లెక్క. ఈవిడకు ఆ చిక్కు కూడా లేదు. సకాలంలో రెండు పేజీల ఫిర్యాదు వేసి ఉంటే సరిపోయేది.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. మీరు తర్వాత రాసే ఉత్తరాలు ఆ గడువును పెంచవు. మళ్లీ చెబుతున్నా, పెంచవు. కందిమళ్ల రాఘవయ్య అండ్ కంపెనీ అనే పొగాకు వ్యాపార సంస్థ కేసు చూడండి. 1988 మార్చిలో అగ్నిప్రమాదం. 1996 జనవరిలో లాయర్ నోటీసు, మార్చిలో బీమా కంపెనీ జవాబు. ఆ జవాబు తేదీ నుంచి గడువు లెక్కించమని వాళ్లు అడిగారు. 2009లో సుప్రీంకోర్టు కుదరదంది. సరైన కారణం చూపితే ఆలస్యాన్ని వినియోగదారుల కమిషన్ మన్నించవచ్చు. "ఉత్తరాలు రాస్తున్నాం" అన్నది మాత్రం కారణంగా నిలవడం కష్టం. రాజోలు ఆవిడ తరఫున ఆ మన్నింపు కోసమే ఇప్పుడు నా తిప్పలన్నీ.

కంపెనీకి ఆలస్యంగా చెప్పడం వేరు, కోర్టుకు ఆలస్యంగా రావడం వేరు. బండి పోయిన వెంటనే పోలీసులకు ఫిర్యాదు చేసి, కంపెనీకి ఆలస్యంగా తెలిపారన్న ఒక్క కారణంతో నిజమైన క్లెయిమ్ కొట్టేయరాదని 2020 జనవరిలో గురుషిందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కొత్తపేట నుంచి వచ్చిన ఒక లారీ యజమానికి ఆ తీర్పు అక్కరకొచ్చింది, ఆయన గడువులో వచ్చాడు కాబట్టి.

ఇక లాయర్ సంగతి. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. మన రాష్ట్రానికి ఆఫీసు హైదరాబాద్‌లో. 50 లక్షల వరకు అడగవచ్చు, ఫీజు లేదు. అక్కడ లాయర్ అక్కర్లేదు, అసలు రానివ్వరు కూడా. గడువు ఏడాది. ఆ తిరుగుళ్లలో వినియోగదారుల కమిషన్ గడువు ఆగుతుందని మాత్రం నమ్ముకోవద్దు. కమిషన్‌లోనూ మీ వాదన మీరే వినిపించుకోవచ్చు, మీరు ఉంటున్న జిల్లాలోనే వేయవచ్చు. ఫీజు మీరు కట్టిన ప్రీమియాన్ని బట్టి. ఆ ప్రీమియం అయిదు లక్షల లోపైతే ఫీజు ఏమీ లేదు.

లాయర్ తప్పనిసరి అనిపించేవి కొన్నే. మూడేళ్లు నిండకముందు మరణించి, కంపెనీ మోసం ఆరోపించి ఆసుపత్రి రికార్డులు పెట్టినప్పుడు డాక్టర్ని ప్రశ్నించాల్సి వస్తుంది. అది మీ వల్ల కాదు. కొంత డబ్బిచ్చి "పూర్తిగా ముట్టింది" అని వోచర్ మీద సంతకం పెట్టించుకున్నప్పుడు కూడా అంతే. మోసంతోనో ఒత్తిడితోనో తీసుకున్న సంతకమని రుజువైతే మిగతా సొమ్ము అడగవచ్చని 1999లోనే సుప్రీంకోర్టు చెప్పింది, కానీ ఆ రుజువు భారం మీదే. గడువు దాటిపోయినా లాయర్ కావాలి.

వచ్చినదాంట్లో ఇంత వాటా ఇవ్వమనే లాయర్ దగ్గరకు వెళ్లకండి. వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ప్రభుత్వ ఖర్చుతో లాయర్‌ని ఇస్తారు. న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100కు ఫోన్ చేయండి.

క్లెయిమ్ ఇవ్వమన్న ఉత్తరం చేతికందిన రోజే దాని మీద తేదీ వేసి, కవరుతో సహా దాచండి. ఇప్పటికే అలాంటి ఉత్తరం బీరువాలో ఉంటే ఇవాళే తీసి చూడండి. ఏడాదిన్నర దాటి ఉంటే ఇంకెవరికీ ఉత్తరాలు రాయకండి. వెంటనే ఫిర్యాదు దాఖలు చేయండి.