త్రుప్పు పట్టిన బ్రేకు డిస్కును తీయు విధము

మోటారుకారు ముందు చక్రము వెనుక పోత యినుముతో చేసిన గుండ్రని బిళ్ల యుండును. దీనిని బ్రేకు డిస్కు అందురు. బ్రేకు త్రొక్కగా ప్యాడ్లు దీనినే యిరుప్రక్కల నొక్కి పట్టును. ఇది హబ్బుమీద బిగువుగా కూర్చుండును. ఆ సందులో తేమ చేరిన త్రుప్పు పుట్టును. త్రుప్పు ఇనుముకంటె నెక్కువ చోటు నాక్రమించును గనుక బిళ్ల కదలకుండ బిగిసిపోవును.

దానిని తీయు క్రమమును మనము తెలిసికొందము. వెనుక చక్రములకు అడ్డుదిమ్మలు పెట్టి, కారును జాకీతో నెత్తి, గట్టి స్టాండుపై నిలుపవలెను. జాకీని మాత్రమే నమ్మరాదు. చక్రమును, పిదప కాలిపరును విప్పి, కాలిపరును తీగతో వ్రేలాడగట్టవలెను. రబ్బరు గొట్టముపై బరువు పడరాదు. బిళ్లను పట్టియుంచు మరమేకున్నచో తీసి, సందులో త్రుప్పు వదల్చు నూనె పోసి వేచియుండవలెను. పెక్కు బిళ్లలకు మరలుగల రెండు రంధ్రములుండును. వానిలో తగిన బోల్టులనుంచి, ఒకదాని తరువాత నొకదానిని కొంచెము కొంచెముగా బిగించిన బిళ్ల సమముగా వెలికి వచ్చును. ఒకప్రక్కనే బిగించిన వంకరపడి మరింత చిక్కుకొనును.

విద్యార్థులారా, బిళ్ల వచ్చినంతనే పని ముగియలేదు. హబ్బును తీగ కుంచెతో శుభ్రపరుపవలెను. అచట మిగిలిన త్రుప్పు క్రొత్త బిళ్లను ఒరగజేయును. బ్రేకు పెడలు అదరును. బిళ్ల ముఖమున నూనె మిగిలినచో బ్రేకు పట్టదు. కారులో కూర్చున్నవారి ప్రాణములు ఈ ఓపికపైననే యున్నవి.